మెట్టినూరు మరో దేశమైనప్పుడు



విదేశం అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చేది శంషాబాద్ విమానాశ్రయం. ట్రాలీ మీద రెండు పెద్ద సూట్‌కేసులు, వాటిలో ఆవకాయ, కందిపొడి, బరువు ఎక్కువైందేమోనని చివరి నిమిషంలో తీసివేతలు. వెళ్లేది మన పిల్లలు, బెంగ పడేది మనం. అయితే అదే విమానాశ్రయంలో కింది అంతస్తున, బయటికొచ్చే ద్వారం దగ్గర, ఇంకో రకం ప్రయాణికులు కూడా అప్పుడప్పుడు కనిపిస్తారు. మన అబ్బాయినో అమ్మాయినో పెళ్లి చేసుకుని, కాపురానికి ఇక్కడికే వచ్చేసినవాళ్లు. వాళ్లకు విదేశం అంటే గుంటూరు, వరంగల్, కాకినాడ. బెంగ పడే తల్లిదండ్రులు ఏ పోలెండ్‌లోనో, ఫిలిప్పీన్స్‌లోనో ఉంటారు.

ఇవాళ్టి ప్రసంగం వాళ్ల గురించి. భర్త పుట్టిన దేశానికో, భార్య పుట్టిన దేశానికో వచ్చి, అక్కడ నిలదొక్కుకోవడం అంటే ఏమిటి? అందుకు ఏది తోడ్పడుతుంది, ఏది అడ్డం వస్తుంది? ఈ సంగతి తెలుసుకోవడానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ నుంచే మొదలుపెట్టవచ్చు.

1931 డిసెంబరు. ఇటలీ నుంచి బొంబాయికి వస్తున్న పిల్స్నా అనే ఓడలో ఇద్దరు కొత్త పెళ్లికూతుళ్లున్నారు. రెండో రౌండ్ టేబుల్ సమావేశం ముగించుకుని గాంధీజీ తిరిగొచ్చిన ఓడ కూడా అదే. ఆ ఇద్దరిలో ఒకరు దుర్రు షెహవార్, పదిహేడేళ్ల పిల్ల. ఇంకొకరు ఆమెకు చుట్టం నీలోఫర్, ఇంకా పదహారు నిండలేదు. ఇద్దరూ టర్కీని ఆరు వందల ఏళ్లు ఏలిన ఒట్టోమన్ వంశపు ఆడపిల్లలు. దుర్రు షెహవార్ తండ్రి అబ్దుల్ మజీద్ ఆ వంశంలో చివరి ఖలీఫా. 1924 మార్చిలో టర్కీ ప్రభుత్వం ఖలీఫా పదవినే రద్దుచేసి, ఆ కుటుంబాన్ని దేశం నుంచి పంపించేసింది. వాళ్లు దక్షిణ ఫ్రాన్సులో, సముద్రం ఒడ్డునున్న నీస్ నగరంలో తలదాచుకున్నారు. ఆ నగరంలోనే 1931 నవంబరులో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పెద్ద కొడుకు ఆజం ఝాతో దుర్రు షెహవార్‌కు, రెండో కొడుకు మొఅజ్జం ఝాతో నీలోఫర్‌కు నిఖా జరిగింది. మొఅజ్జం జాహీ మార్కెట్ అని మనం రోజూ పలికే పేరు ఆ రెండో కొడుకుదే.

అంటే ఆ పిల్లలు పుట్టింది ఒక దేశంలో, పెరిగింది మరో దేశంలో, మెట్టింది మూడో దేశంలో. భాష టర్కిష్, చదువు ఫ్రెంచి, అత్తింట్లో ఉర్దూ. కట్టుకోవాల్సింది చీర. దుర్రు షెహవార్ బెల్లా విస్టాలో కాపురం పెట్టారు. రాజ్‌భవన్ రోడ్డులో ఇవాళ అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉన్న భవనం అది. నీలోఫర్ మెట్టిన ఇల్లు హిల్‌ఫోర్ట్ ప్యాలెస్, తర్వాతి రోజుల్లో రిట్జ్ హోటల్ అయింది. పెద్దింటి ఆడవాళ్లు పరదా దాటని ఆ రోజుల్లో ఈ తోడికోడళ్లు ఇద్దరూ పరదా లేకుండా సభలకు వెళ్లారు. ఊరికి అది పెద్ద వింత. నీలోఫర్ చీర కట్టు ఎంత పేరు పొందిందంటే, ఆమె చీరలు కొన్ని ఇప్పుడు న్యూయార్క్‌లోని ఒక ఫ్యాషన్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

దుర్రు షెహవార్ విషయంలో ఒక సంగతి మన ఆడవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. ఆమెకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ముకర్రం ఝా 1933లో, చిన్నవాడు ముఫఖం ఝా 1939లో పుట్టారు. ఇద్దరూ హైదరాబాద్‌లో పుట్టలేదు, నీస్‌లో పుట్టారు. అంత పెద్ద సంస్థానానికి కాబోయే వారసుడైనా సరే, పురుడు పుట్టింట్లోనే జరిగింది. అత్తింట్లో ఎన్ని వైభోగాలున్నా, ఎంతమంది దాసీలున్నా, ఆ ఘడియకు తల్లి పక్కన ఉండాలనిపించడం కోటలోనైనా పెంకుటింట్లోనైనా ఒకటే కదా.

నీలోఫర్‌కు పిల్లలు కలగలేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆమె నర్సింగ్‌లో తర్ఫీదు పొందారు. 1949లో ఆమె దగ్గర పనిచేసే ఒక పరిచారిక కాన్పులో చనిపోయింది. రాజకుమారి సేవలో ఉన్న మనిషికే సరైన వైద్యం అందలేదంటే, ఊళ్లో మిగతా ఆడవాళ్ల గతేమిటి? ఆ మరణం ఆమెను కుదిపేసింది. తల్లులకు, పసిపిల్లలకు ప్రత్యేకంగా ఒక ఆస్పత్రి కావాలని పట్టుబట్టారు. ఆ పట్టుదల ఫలితమే రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆస్పత్రి. తెలంగాణ పల్లెల్లో బిడ్డకు జబ్బు ముదిరితే ఇవాళ్టికీ అందరి నోటా వచ్చే మొదటి పేరు అదే. పురానీ హవేలీలో పిల్లల ఆస్పత్రి, యాకుత్‌పురాలో ఆడపిల్లల కాలేజీ దుర్రు షెహవార్ పేరు మీద నడుస్తున్నాయి.

ఇంత చేసినా ఇద్దరూ చివరిదాకా హైదరాబాద్‌లో ఉండలేదు. నీలోఫర్ కాపురం 1952లో విడాకులతో ముగిసింది. ఆమె పారిస్‌లో స్థిరపడి, మళ్లీ పెళ్లి చేసుకుని, 1989లో ఆ నగరంలోనే కన్నుమూశారు. దుర్రు షెహవార్ 2006లో లండన్‌లో పోయారు. పెళ్లి నిలవకపోయినా, మనిషి వెళ్లిపోయినా, ఊరితో నీలోఫర్ కలుపుకున్న బంధం మాత్రం ఆస్పత్రి రూపంలో మిగిలింది. ఈ సంగతిని కొంచెం మనసులో పెట్టుకోండి, దీనితో మళ్లీ పని పడుతుంది.

భర్త దేశానికి వచ్చిన భార్యకు మొదట ఎదురయ్యే కష్టం ఏమిటని అడిగితే చాలామంది తిండి అంటారు, ఎండ అంటారు, భాష అంటారు. అవన్నీ నిజమే. మేలో విజయవాడ ఎండను ఎవరూ తేలిగ్గా తీసుకోలేరు. గోంగూర పులుపు, కారం నాలుకకు అలవాటు కావడానికి నెలలు పడుతుంది. కానీ వీటికంటే లోతైన కష్టం ఇంకొకటుంది. తను ఎరిగిన మనిషే ఇక్కడికొచ్చాక వేరే మనిషైపోతాడు. బెర్లిన్‌లోనో లండన్‌లోనో ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి వంట చేసుకున్నారు, ఇల్లు తుడుచుకున్నారు, ఏ నిర్ణయమైనా ఇద్దరే కూర్చుని తీసుకున్నారు. ఇక్కడ విమానం దిగిన గంటలోనే అతను ఒకరికి కొడుకు, ఒకరికి తమ్ముడు, ఒకరికి మేనల్లుడు, ఇంకొకరికి బావ. ప్రతి వరసకూ ఒక బాధ్యత, ఒక మాట తీరు ఉంటాయి. అతనికి ఇది మారడంగా కూడా అనిపించదు, సొంత ఇంటికి వచ్చాడు అంతే. ఆమెకు మాత్రం ఉన్న ఒక్క పరిచయస్తుడూ పదిమందిలో కలిసిపోయినట్టుంటుంది.

రెండో కష్టం పెద్దమనిషి మళ్లీ చిన్నపిల్ల కావడం. తన దేశంలో ఉద్యోగం చేసిన మనిషి, కారు నడిపిన మనిషి, బ్యాంకు వ్యవహారాలు చూసుకున్న మనిషి ఇక్కడ సిమ్ కార్డుకు కూడా భర్త వెంట వెళ్లాలి. మందుల షాపులో ఏమడగాలో తెలియదు. ఆటో అతను చెప్పిన రేటు న్యాయమో కాదో తెలియదు. భోజనాల దగ్గర అందరూ పగలబడి నవ్వుతుంటే, ఆ నవ్వు అయిపోయాక భర్త రెండు ముక్కల్లో ఇంగ్లీషులో చెబుతాడు, అప్పటికి సరదా చల్లారిపోయి ఉంటుంది. ఎవరూ ఆమెను బాధపెట్టాలనుకోరు. ప్రేమగానే వడ్డిస్తారు, ప్రేమగానే పలకరిస్తారు. అయినా ఆ పూట మొత్తంలో ఆమె తనంతట తానుగా ఒక్క వాక్యం కూడా మాట్లాడి ఉండకపోవచ్చు.

ఈ దశను దాటినవాళ్లు ఎలా దాటారు? మన దేశ చరిత్రలో ఇందుకు మంచి ఉదాహరణలున్నాయి.

ఫ్రీడా బేడీ ఇంగ్లండ్‌లోని డెర్బీ ఊళ్లో గడియారాలు బాగుచేసే కుటుంబంలో పుట్టారు. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. ఆమె స్కాలర్‌షిప్పు మీద ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతుండగా పంజాబీ సహాధ్యాయి బి.పి.ఎల్. బేడీతో పరిచయమైంది. 1933లో పెళ్లి చేసుకున్నారు. మరుసటి ఏడాది నెలల బిడ్డను ఎత్తుకుని లాహోర్ కాపురానికి వచ్చారు. ఏలే జాతికి చెందిన తెల్లదొరసాని ఏలుబడిలో ఉన్న ఇంటికి కోడలుగా రావడం అప్పట్లో మామూలు సంగతి కాదు. దంపతులిద్దరికీ వామపక్ష భావాలున్నాయని ప్రభుత్వానికి తెలుసు కాబట్టి అనుమానం నీడ ఎప్పుడూ వెంటే ఉండేది. ఆమె నూలు చీర కట్టి, అత్తగారికి పాదాభివందనం చేసి ఆ ఇంట్లో అడుగుపెట్టారు. కొన్నాళ్లకు లాహోర్ మోడల్ టౌన్‌లో గుడిసెలు వేసుకుని, కరెంటు లేకుండా, గేదెను పెంచుకుంటూ బతికారు. అత్తగారూ వాళ్లతోనే ఉండేవారు.

అయితే ఫ్రీడా అత్తింటి కోడలుగానే ఆగిపోలేదు. లాహోర్‌లో ఒక మహిళా కళాశాలలో ఇంగ్లీషు పాఠాలు చెప్పారు. పత్రికలకు రాశారు. ఊళ్లు తిరిగారు. 1941లో వ్యక్తి సత్యాగ్రహంలో పాల్గొనడానికి డేరా బాబా నానక్‌ను ఎంచుకున్నారు. అది బేడీల పూర్వీకుల ఊరు. పుట్టుకతో బ్రిటిష్ మహిళ, బ్రిటిష్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా సత్యాగ్రహం చేసి, భర్త పూర్వీకుల ఊళ్లో అరెస్టయి, లాహోర్ మహిళా జైలుకు వెళ్లారు. దేశ విభజన ఆ లాహోర్‌ను కూడా ఆమెకు దూరం చేసింది. తర్వాత కాశ్మీర్, ఢిల్లీ. 1959లో టిబెట్ నుంచి శరణార్థులు వచ్చినప్పుడు వాళ్ల శిబిరాల్లో పనిచేశారు. చివరికి బౌద్ధ సన్యాసినిగా మారి, 1977లో ఢిల్లీలో పోయారు. నటుడు కబీర్ బేడీ ఆమె కొడుకు. భర్త వెంట ఒక దేశానికి వచ్చిన మనిషి, ఆ దేశంతో తన సొంత సంబంధాన్ని కలుపుకున్న తీరు ఆమె జీవితంలో అడుగడుగునా కనిపిస్తుంది.

ఆమెకు పాతికేళ్ల ముందే ఇదే దారిలో వచ్చినవారు నెల్లీ సేన్‌గుప్తా. కేంబ్రిడ్జిలో పుట్టిన ఎడిత్ ఎలెన్ గ్రే. చదువుకోవడానికి వచ్చిన జతీంద్రమోహన్ సేన్‌గుప్తాను 1909లో పెళ్లి చేసుకుని కలకత్తా వచ్చారు. దిగింది బెంగాలీ ఉమ్మడి కుటుంబంలో. సహాయ నిరాకరణ ఉద్యమం రోజుల్లో ఇంటింటికీ తిరిగి ఖద్దరు అమ్మారు. ఆ పని గురించి కాస్త ఆలోచించండి. ఊరి మాట ఇంకా పూర్తిగా నాలుకకు ఎక్కని మనిషి, కొత్త తలుపు తట్టి, తన దేశపు బట్టలు వద్దు, ఈ దేశపు బట్ట కొనండి అని అడగాలి. ఆ ఊరు తనదనుకుంటే తప్ప ఎవరూ చేయలేని పని అది. 1933లో కాంగ్రెస్ మీద నిషేధం ఉంది. కలకత్తా సమావేశానికి అధ్యక్షత వహించాల్సిన మాలవీయ దారిలోనే అరెస్టయ్యారు. అప్పుడు నెల్లీ అధ్యక్షురాలయ్యారు. అనీబిసెంట్, మన హైదరాబాద్ బిడ్డ సరోజినీ నాయుడు తర్వాత కాంగ్రెస్ పగ్గాలు పట్టిన మూడో మహిళ ఆమె. అదే ఏడాది భర్త నిర్బంధంలో ఉండగానే చనిపోయారు.

నెల్లీ కథలో ముఖ్యమైన మలుపు ఆ తర్వాతే వస్తుంది. భర్త పోయాక ఆమె ఇంగ్లండ్ వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. విభజన తర్వాత కలకత్తా వచ్చేయొచ్చు. రాలేదు. భర్త సొంత ఊరు చిట్టగాంగ్ తూర్పు పాకిస్తాన్‌లోకి పోతే, అక్కడి మైనారిటీలకు అండగా ఆ ఊళ్లోనే ఉండిపోయారు, ఆ ప్రాంతపు శాసనసభకు ఎన్నికయ్యారు. కట్టుకున్నవాడు లేకపోయినా ఆయన ఊరు ఆమెకు ఊరుగానే ఉంది. చాలా ఏళ్లకు వైద్యం కోసం కలకత్తా వచ్చారు. 1973లో మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది. ఆ ఏడాదే కన్నుమూశారు.

ఇంకో ఇద్దరి గురించి రెండు మాటలు. మన సైనికులకు ఇచ్చే అత్యున్నత పతకం పరమవీర చక్రను రూపొందించింది స్విట్జర్లాండ్‌లో పుట్టిన మహిళ. ఈవ్ ఇవోన్ మడే ఆమె పుట్టింటి పేరు. సైనికాధికారి విక్రమ్ ఖానోల్కర్‌ను 1932లో పెళ్లాడి సావిత్రి ఖానోల్కర్ అయ్యారు. సంస్కృతం, పురాణాలు శ్రద్ధగా చదువుకున్నారు. దధీచి మహర్షి వెన్నెముకతో ఇంద్రుడి వజ్రాయుధం చేసిన కథ మనకు చిన్నప్పుడే చెబుతారు. ఆ వజ్రాన్నే ఆమె పతకం మీదికి తెచ్చారు. ఇక మయన్మార్‌లో పుట్టిన టింట్ టింట్ రంగూన్‌లో, తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన కె.ఆర్. నారాయణన్‌ను కలుసుకున్నారు. విదేశాంగ సర్వీసు ఉద్యోగి విదేశీయురాలిని పెళ్లి చేసుకోవాలంటే అప్పట్లో ప్రత్యేక అనుమతి కావాలి. ప్రధాని నెహ్రూ ఆ అనుమతి ఇచ్చాక 1951లో పెళ్లి జరిగింది. ఆమె ఉషా నారాయణన్‌గా 1997లో రాష్ట్రపతి భవన్‌లో అడుగుపెట్టారు. బర్మీస్ కథలను ఇంగ్లీషులోకి అనువదించడం మాత్రం మానలేదు.

ఆ చివరి సంగతి గట్టిగా చెప్పుకోవాలి. కొత్త దేశానికి అలవాటు పడడం అంటే పాత దేశాన్ని చెరిపేసుకోవడం అని మన కుటుంబాలు చాలా అనుకుంటాయి. పేరు మార్చితే, బొట్టు పెడితే, చీర కడితే "ఎంత బాగా కలిసిపోయిందో" అని మెచ్చుకుంటాం. మెచ్చుకోవడంలో తప్పులేదు. కానీ ఆమె తన తల్లి చేసే వంట ఎప్పుడైనా చేసిందా, తన పండగ ఎప్పుడైనా మన ఇంట్లో జరిగిందా అని ఎంతమంది అడుగుతారు?

ఫోరీ నెహ్రూ జీవితం ఈ ప్రశ్నకు నిలువెత్తు సాక్ష్యం. ఆమె 1908లో బుడాపెస్ట్‌లో, ఒక యూదు కుటుంబంలో పుట్టారు. హంగరీ విశ్వవిద్యాలయాల్లో యూదులకు సీట్ల మీద పరిమితి ఉండడంతో చదువుకు పరాయి దేశం వెళ్లాల్సి వచ్చింది. ఆ రోజుల్లోనే జవహర్‌లాల్ నెహ్రూ చుట్టం, లండన్‌లో చదువుతున్న బి.కె. నెహ్రూ పరిచయమయ్యారు. 1935లో పెళ్లయింది. శోభా నెహ్రూ అన్న పేరొచ్చింది. చీర ఆమె ఒంటికి ఎంత సహజమైందంటే, కాశ్మీరీ పండిట్ల ఇంటి ఆడపడుచే అనుకునేవాళ్లు చూసినవాళ్లు. విభజన సమయంలో శరణార్థులుగా వచ్చిన ఆడవాళ్లకు చేతిపనులతో ఉపాధి చూపించే పనిలో దిగారు. ఎమర్జెన్సీ రోజుల్లో బయట ప్రజల మీద ఏం జరుగుతోందో ఇందిరాగాంధీ ముందే చెప్పగలిగిన కొద్దిమందిలో ఆమె ఒకరు. అరవై ఏళ్లకు పైగా భారతీయురాలిగా బతికారు. తొంభయ్యో ఏటికి చేరుకున్నాక, తమ కుటుంబానికి పాత స్నేహితుడైన చరిత్రకారుడు మార్టిన్ గిల్బర్ట్‌ను ఒక కోరిక కోరారు. తాను పుట్టుకతో యూదురాలినని, తన జాతి చరిత్ర తనకేమీ తెలియదని, చదవడానికి ఏదైనా సూచించమని. ఆయన పుస్తకం పేరు చెప్పి ఊరుకోలేదు. ఆమెకు వరసగా ఉత్తరాలు రాశారు. యూదుల ఐదువేల ఏళ్ల చరిత్ర ఆ ఉత్తరాల్లోనే ఒక పుస్తకమైంది. ఆమె 108 ఏళ్లు బతికి 2017లో కసౌలీలో కన్నుమూశారు. తొంభయ్యేళ్ల వయసులో పుట్టింటి చరిత్ర అడిగిందంటే, మెట్టినింట్లో ఇమడలేకపోయిందని కాదు అర్థం. ఇమిడిన మనిషిలో కూడా పుట్టిల్లు పదిలంగా ఉంటుంది, దానికి చోటివ్వాల్సింది మెట్టినిల్లే.

ఇప్పుడు నేటి కాలానికి వద్దాం. నాటి రాకుమార్తెలకు, సంపన్న కుటుంబాలకు కాగితాల పని చూసేవాళ్లు ఉండేవారేమో. ఈనాటి కోడలు, అల్లుడు చట్టాన్ని స్వయంగా ఎదుర్కోవాలి. భారత పౌరులను పెళ్లాడి వచ్చినవాళ్లు మొదట వీసా మీద ఉంటారు. విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు రాయించుకోవాలి. పెళ్లి నమోదై, రెండేళ్లు ఎడతెగకుండా కాపురం సాగాక ఓసీఐ, అంటే ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా, కార్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ కార్డు ఉంటే మాటిమాటికీ వీసా గొడవ ఉండదు, ఉద్యోగం చేసుకోవచ్చు. కానీ ఓటు హక్కు లేదు. వ్యవసాయ భూమి కొనే హక్కూ లేదు. గోదావరి జిల్లా రైతు ఇంటికి వచ్చిన కోడలు ఆ ఇంటి చేలగట్ల మీద ఎన్నేళ్లు తిరిగినా, తన సంపాదనతో తన పేరున ఒక సెంటు పొలం కొనలేదు. పౌరసత్వం కావాలంటే 1955 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం దరఖాస్తుకు ముందు ఏడేళ్లు ఇక్కడ నివసించి ఉండాలి. మన దేశం ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు కాబట్టి పుట్టిన దేశపు పాస్‌పోర్టు వదులుకోవాలి. వయసు మళ్లిన తల్లి ఒంటరిగా మరో దేశంలో ఉన్నప్పుడు ఆ పాస్‌పోర్టు వదులుకోవడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

ఈ చట్టం మొదట్లో విదేశీ భార్యలకే ఈ దారి చూపించింది, విదేశీ భర్తలకు చూపించలేదు. ఆడపిల్ల అత్తింటికి వస్తుంది గాని, మగవాడు భార్య దేశానికి ఎందుకొస్తాడన్న భావన చట్టంలోకీ చేరింది. 1986 సవరణతోనే ఇద్దరికీ సమాన అవకాశం దక్కింది. ఇల్లరికపు అల్లుడి మీద మన సమాజానికి ఉన్న చిన్నచూపు పరాయి దేశపు అల్లుడి మీద మరీ ఎక్కువ. అమ్మాయి సంపాదిస్తుంటే, అతను తెలుగు నేర్చుకుంటూ ఇంట్లో పిల్లల్ని చూసుకుంటుంటే, చుట్టాలు అడిగే ప్రశ్నలకు అంతుండదు.

చట్టంలో మరీ కలవరపెట్టే విషయం ఒకటుంది. పెళ్లి ఆధారంగా వచ్చిన ఓసీఐ కార్డును, కోర్టులో విడాకులు మంజూరైతే, రద్దుచేసే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉంది. అంటే పదేళ్లు ఇక్కడ బతికి, ఇక్కడ ఉద్యోగం చేస్తూ, ఇక్కడి స్కూల్లో పిల్లల్ని చదివించుకుంటున్న మనిషి కాపురం విరిగితే, దేశంలో ఉండే హక్కు కూడా ఊగిసలాటలో పడుతుంది. కాపురంలో హింస ఉన్నా బయటికి రావడానికి భయపడే పరిస్థితి ఇది. దేశంలో ఉండే హక్కు ఒకే మనిషి దయ మీద వేలాడకూడదు. ఈ నిబంధనను మార్చాలి, కనీసం పిల్లలున్నవాళ్లకైనా, ఏళ్ల తరబడి ఇక్కడ ఉన్నవాళ్లకైనా వేరే దారి చూపించాలి.

ఇందాక నీలోఫర్ సంగతి మనసులో పెట్టుకోమన్నది ఇందుకే. భర్త ద్వారా కాకుండా తనకంటూ ఈ నేలతో ఏర్పడిన బంధం ఒక్కటైనా ఉండాలి. పై ఉదాహరణలన్నిటిలో ఉన్న ఉమ్మడి అంశం అదే. ఫ్రీడాకు తరగతి గది, నెల్లీకి ఖద్దరు మూట, సావిత్రికి సంస్కృతం, ఫోరీకి శరణార్థి ఆడవాళ్లు. అందరూ చరిత్రకు ఎక్కనక్కర్లేదు. కాలనీలో వాకింగ్‌కు తోడొచ్చే ఒక స్నేహితురాలు, వారానికి మూడు రోజులు పాఠం చెప్పే ఒక బడి, తన పేరున ఒక బ్యాంకు ఖాతా, తను మాత్రమే బేరమాడే ఒక కూరగాయల బండి. ఇలాంటివే మనిషిని ఊరికి కడతాయి. అత్తమామలు చేయగలిగిన గొప్ప ఉపకారం ఏమిటంటే, కోడలు ఒంటరిగా బయటికి వెళ్తానంటే కంగారు పడి అబ్బాయిని తోడు పంపకపోవడం. దారి తప్పితే తప్పనివ్వండి, ఫోను ఉంది కదా.

వీటన్నిటికీ తాళం చెవి భాష. ఇంట్లో అందరికీ ఇంగ్లీషు వచ్చు కదా అన్న ధీమాతో తెలుగు నేర్పడం వాయిదా పడుతూ పోతుంది. ఇంట్లో ఇంగ్లీషు సరిపోవచ్చు, వీధిలో సరిపోదు. అమ్మమ్మతో సరిపోదు, పనిమనిషితో సరిపోదు, పెళ్లి భోజనాల్లో అసలే సరిపోదు. జర్మనీని చూడండి. అక్కడి వ్యక్తిని పెళ్లాడి వెళ్లాలంటే 2007 నుంచి చాలా దేశాలవాళ్లు వీసాకు ముందే ప్రాథమిక జర్మన్ పరీక్ష పాసవ్వాలి. ఇలా జర్మన్ నేర్చుకుని వెళ్లిన హైదరాబాదీ అమ్మాయిలు, అబ్బాయిలు ఉన్నారు. వీసాకు ముందు పరీక్ష పెట్టడం న్యాయమా అని అడగొచ్చు, అది కుటుంబాలను నెలల తరబడి విడదీస్తుంది కూడా. కానీ అక్కడికి చేరాక ప్రభుత్వం ఇచ్చే కోర్సు మెచ్చుకోదగ్గది. మామూలుగా 600 గంటలు భాష, 100 గంటలు ఆ దేశపు చట్టాలు, చరిత్ర, జీవన విధానం.

మనం పరీక్ష పెట్టం, అది మంచిదే. పాఠమూ చెప్పం. కోర్సు వెతుక్కోవడం, టీచరును పట్టుకోవడం అన్నీ వచ్చిన మనిషి తిప్పలే. రెండు తెలుగు రాష్ట్రాల్లో విశ్వవిద్యాలయాలున్నాయి, దూరవిద్య కేంద్రాలున్నాయి, ప్రతి పట్టణంలో సాయంత్రం ఖాళీగా ఉండే బడి గదులున్నాయి, రిటైరైన తెలుగు పండితులున్నారు. పరాయి దేశం నుంచి, ఆ మాటకొస్తే పంజాబ్ నుంచో అస్సాం నుంచో మన ఇళ్లకు వచ్చిన కోడళ్లకు, అల్లుళ్లకు ఆరు నెలల సాయంకాలపు తరగతి నడపడం ఎంత పని? వర్ణమాలతో మొదలుపెట్టనక్కర్లేదు, అది రెండో నెలకు వాయిదా వేయొచ్చు. మొదటి వారం ఆటో మాట్లాడుకోవడం, మందుల షాపులో జ్వరానికీ దగ్గుకీ మందు అడగడం, గ్యాసు సిలిండరు రాలేదని ఫోను చేయడం. రెండో వారం వరసలు, ఎవరిని వదిన అనాలి, ఎవరిని పిన్ని అనాలి, ఎవరితో మీరు అనాలి. మూడో వారం వడ్డించేటప్పుడు "చాలు, ఇంక వద్దు" అని ఎదుటివాళ్లు నొచ్చుకోకుండా చెప్పడం. ఆ తరగతికి ఇంట్లోవాళ్లు కూడా ఒకరు వచ్చి కూర్చుని, ఆ నెలంతా ఆమెతో తెలుగులో మాత్రమే, నెమ్మదిగా మాట్లాడతామని ఒప్పుకోవాలి. ఇలాంటి తరగతి మొదలుపెట్టడానికి ఏ కొత్త చట్టమూ అక్కర్లేదు. ఒక గది, ఒక మాస్టారు, వారానికి మూడు సాయంత్రాలు చాలు.